ఓ గడియ కూర్చుని వెళ్ళండి

ఈ వారం రాజులూ లేరు, కోటలూ లేవు. గడియారం గురించి మాట్లాడుకుందాం. కారణం చిన్నదే. మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. ఎత్తగానే అడిగిన మొదటి మాట, "బిజీగా ఉన్నావా నాన్నా?" నేను అలవాటు కొద్దీ "ఒక్క నిమిషం అమ్మా, మళ్ళీ చేస్తా" అన్నాను. మళ్ళీ చేసేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది, ఆవిడ పడుకుంది. మా నాయనమ్మ అయితే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో "ఓ గడియ కూర్చుని వెళ్ళండి" అనేది. ఆ గడియ కాస్తా మన నోట్లో నిమిషం ఎలా అయింది? ఈరోజు కథ అదే.

ముందు గడియ అంటే ఎంతో చూద్దాం. పగలూ రాత్రీ కలిపి 60 గడియలు. మన లెక్కలో గడియకు 24 నిమిషాలన్నమాట. రెండు గడియలు ఒక ముహూర్తం, ఏడున్నర గడియలు ఒక జాము. కొలవడానికి అడుగున సన్న చిల్లు పెట్టిన రాగి గిన్నె ఉండేది. దాన్ని నీళ్ళ తొట్టిలో వదిలితే మెల్లగా నిండి, మునిగిపోతుంది. మునిగితే ఒక గడియ. అక్కడ కాపలా ఉన్న మనిషి గంట కొట్టేవాడు. హిందుస్థాన్ పట్టణాల్లో ఈ పని చేసేవాళ్ళ గురించి బాబరు తన జ్ఞాపకాల్లో ప్రత్యేకంగా రాసుకున్నాడు. గడియారం అన్న మాట ఆ గడియలోంచి వచ్చిందే. "గంట" కూడా చూడండి, గుళ్ళో కొట్టేదీ అదే, అరవై నిమిషాలదీ అదే. ఎవరో ఒకరు కొడితే ఊరంతా వినేది. ఎవరి చేతికీ విడిగా టైము లేదు.

పల్లెల్లో ఆ గిన్నె అవసరమూ తక్కువే. కోడికూసే వేళ, పాలు పితికే వేళ, బారెడు పొద్దెక్కాక, అన్నాల వేళ, గొడ్లు ఇంటికొచ్చే వేళ, దీపాలు పెట్టే వేళ, ఊరు సద్దుమణిగాక... ఇవన్నీ టైములే. "బారెడు పొద్దెక్కాక రా" అంటే కచ్చితంగా ఎప్పుడు? ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు. ముందొచ్చినవాడు అరుగు మీద కూర్చుంటాడు. ఎదురింటాయన పలకరిస్తాడు, మజ్జిగ వస్తుంది, పిల్లకు సంబంధం చూస్తున్న సంగతి తెలుస్తుంది. అసలు పని తర్వాత సంగతి. ఎదురుచూడ్డాన్ని వేస్టు అనుకునే అలవాటు అప్పటికింకా రాలేదు.

రైలుకు అరుగు మీద కూర్చునే ఓపిక లేదు. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు వైపు బయల్దేరింది. అప్పటికి ఏ ఊరి సూర్యుడు ఆ ఊరిదే. బొంబాయి మధ్యాహ్నానికీ కలకత్తా మధ్యాహ్నానికీ గంటకు పైనే తేడా. ఇలా అయితే టైంటేబుల్ ఎలా వేస్తారు? మద్రాసు రెండిటికీ నడుమ ఉంది, పైగా అక్కడ 1792 నుంచి నక్షత్రశాల ఉంది. అందుకని రైళ్ళకు మద్రాసు టైమును పట్టుకున్నారు. చివరికి 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే టైము, గ్రీన్విచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. ఆ రోజు మద్రాసు గడియారాల్ని సుమారు తొమ్మిది నిమిషాలు ముందుకు జరపాల్సి వచ్చింది.

ఆ టైముకు ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన అన్నవరానికీ తునికీ మధ్యలోంచి వెళ్తుంది. ఈసారి విశాఖ రైల్లో అటు వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చూడండి. కనిపించేదేమీ ఉండదు, పొలాలే. కానీ దేశంలో గడియారాలన్నీ ఆ గీతను చూసి నడుస్తున్నాయి. హైదరాబాదు సూర్యుడు ఆ గీతకు దాదాపు 16 నిమిషాలు ఆలస్యం. అందరూ సంతోషంగా ఒప్పుకోలేదు లెండి. బొంబాయిలో సుమారు 39 నిమిషాల తేడా, మిల్లు కార్మికులు గొడవ చేశారు. ఆ నగరం తన పాత టైమును 1955 దాకా వదల్లేదు. కలకత్తా 1948 దాకా లాక్కొచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాతదంతా బంగారం అని నేననను. పొద్దు చూసి బతికే రోజుల్లో కూలీకి పొద్దు పొడిస్తే పని, పొద్దు గుంకితే ఇల్లు. అరుగు మీద కూర్చునే తీరిక అందరిదీ కాదు, ఆ అరుగు ఎక్కే హక్కు కూడా అందరికీ లేదు. లోపల దంచే ఆడవాళ్ళకు అసలు జాములే లేవు. ఫ్యాక్టరీలో వారానికి 60 గంటలు మించకూడదని 1922లో, 48 మించకూడదని 1948లో చట్టాలొచ్చాయంటే అది గడియారం పుణ్యమే. పని గంటలు లెక్కపెట్టడం వచ్చాకే కదా, ఇంత చాలు అనగలిగారు.

కష్టం ఎక్కడొచ్చిందంటే, పనిని కొలిచే నిమిషంతో మాటల్నీ కొలవడం మొదలైంది. ట్రంకు కాల్ గుర్తుందా? మూడు నిమిషాల లెక్క. మూడు కాగానే ఆపరేటరు మధ్యలో దూరేవారు. అవతల ఏడుస్తున్నా సరే. తర్వాత ఎస్టీడీ బూతుల్లో ఎర్రంకెలు గిర్రున తిరిగేవి, మనం వాటినే చూస్తూ మాట్లాడేవాళ్ళం. సెల్లు వచ్చాక నిమిషానికింత, 2009 ప్రాంతంలో సెకనుకింత. 2016 నుంచి మాటలు దాదాపు ఉచితం. డబ్బు లెక్క పోయింది. మరి తొందర ఎందుకు పోలేదు? నా ఫోన్లో అంకెలు ఎవరూ తిప్పడం లేదే!

ఆదివారం ఫోన్ తర్వాత ఒక పని చేశాను. నా ఫోన్లో అమ్మతో మాట్లాడిన లెక్క తీసి చూశాను. రెండు నిమిషాలు, నాలుగు, ఒకటిన్నర. నెల మొత్తమ్మీద పెద్దది ఆరు నిమిషాలు. ఒక్కటి కూడా గడియ కాలేదు.

నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళ చేశాను. పక్కింటి వాళ్ళ కరివేపాకు మొక్కతో మొదలెట్టింది, చిన్నాన్న మోకాళ్ళ దాకా వెళ్ళింది, మా నాన్న సైకిలు అమ్మేసిన రోజు దగ్గర కాసేపు ఆగింది. ఆ సంగతి నేనెప్పుడూ వినలేదు. 31 నిమిషాలయింది. పెట్టేసే ముందు అమ్మ గొంతు మారింది. "ఏరా, ఇంతసేపు మాట్లాడావ్, ఒంట్లో బాగానే ఉందా? ఉద్యోగం ఏమీ కాలేదు కదా?"

ఏమీ కాలేదమ్మా అని చెప్పడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

మీ ఊళ్ళో పొద్దుకు ఏ పేర్లుండేవో ఇంట్లో పెద్దవాళ్ళనడిగి రాసి పంపండి. జిల్లా పేరు కూడా రాయండి. వచ్చేవారం వాటితోనే మొదలెడదాం. ఉంటానండీ.