గడువు తేదీ దాటిన ఆహారం తినవచ్చునా?

ఆహారపు పొట్లంపై కనిపించే తేదీలన్నిటి అర్థం ఒక్కటి కాదు. "బెస్ట్ బిఫోర్" అన్నది నాణ్యతకు సంబంధించిన మాట. అంతవరకు రుచి, వాసన, కరకరలాడే గుణం తగ్గవని తయారీదారు ఇచ్చే హామీ అది. ఆ రోజు గడిచినంత మాత్రాన పదార్థం విషమైపోదు. "యూజ్ బై" లేదా "ఎక్స్‌పైరీ" అన్నది భద్రతకు సంబంధించినది. ఆ తేదీ దాటిన పిమ్మట దానిని అమ్మరాదు, తినరాదు.

అయితే భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో వెలువరించిన లేబులింగ్ నిబంధనలు ఎక్స్‌పైరీ తేదీని తప్పనిసరి చేసి, బెస్ట్ బిఫోర్‌ను తయారీదారు ఇష్టానికి విడిచిపెట్టాయి. దీనివల్ల బిస్కెట్టు పొట్లానికీ, పెరుగు డబ్బాకూ ఒకే మాట వచ్చి చేరింది. చట్టానికి ఇది సులువే కాని, ఏది నిజంగా ప్రమాదకరమో తెలుసుకొనే భారం వంటింటి మీద పడింది.

భాష మరొక చిక్కు. ఈ వివరాలు ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటే నిబంధనలకు చాలును. బళ్ళారి, హోసూరు, బరంపురం వంటి చోట్ల తెలుగు మాత్రమే చదవగల పెద్దలు తయారీ తేదీనే గడువు తేదీగా పొరబడే అవకాశం ఉన్నది. ఎం.ఎఫ్.డి. అంటే తయారైన రోజు, పి.కె.డి. అంటే పొట్లం కట్టిన రోజు, ఇ.ఎక్స్.పి. అంటే గడువు ముగిసే రోజు. ఈ మూడూ ఇంటిలోని పిల్లలు ఒక్కసారి చూపించి చెప్పదగినవి.

అయొడిన్ కలపని ఉప్పు, అదనపు పోషకాలు చేర్చని చక్కెర, వెనిగర్‌లకు గడువు తేదీయే అక్కరలేదని కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. పొడిగా నిలువ ఉంచిన పప్పులు పాతబడితే ఉడకడానికి ఆలస్యమవుతుంది, అంతే. నూనె పాతబడితే కనరు వాసన వేస్తుంది. వేరుశనగ సంగతి మాత్రం వేరు. దానిపై పెరిగే ఒక జాతి బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయ క్యాన్సర్‌కు కారకం. వేయించినా, ఉడికించినా పూర్తిగా నశించదు. బూజు పట్టిన గింజలను కడిగి ఎండబెట్టి వాడుకోవడం పొదుపు కాదు. తేదీ ఇంకా మిగిలి ఉన్నా పారవేయవలసినదే.

వాసన చూసి నిర్ణయించడం మన ఇళ్ళలో పాత అలవాటు. పాలు విరిగితే ముక్కు పసిగడుతుంది, నిజమే. కాని రోగాన్ని కలిగించే సూక్ష్మజీవులు తరచు వాసనను గాని, రంగును గాని మార్చవు. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. గర్భిణులకు అది మరీ ప్రమాదకరం. ఉబ్బిన డబ్బాను రుచి చూడనే రాదు. శిశువుల పాలపొడిని తేదీ దాటిన తరువాత ఒక్కరోజైనా వాడరాదు. అందులోని పోషకాలకు ఆ తేదీయే హద్దు.

పొట్లం విప్పిన తరువాత పైనున్న తేదీకి విలువ లేదు. అసలు తేదీయే లేని వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే, దానిలో బాసిల్లస్ సెరియస్ పుట్టించే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

గడువు దాటిన సరుకు అమ్మిన దుకాణంపై ఫిర్యాదుకు బిల్లును, పొట్లాన్ని భద్రపరచాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఏ రాష్ట్రం నుండియైనా తెలుగులోనే చెప్పుకోవచ్చును.