సొంత సర్వర్ నుంచి క్లౌడ్ సేవకు: హైదరాబాద్ అనుభవం

పరిచయం

సంస్థలు తమ గదిలోని సర్వర్లపై నడిచే పనులను క్లౌడ్‌కు తరలించేటప్పుడు ఏ సేవా నమూనాను ఎంచుకోవాలన్న ప్రశ్న ఎదురవుతుంది. చూడటానికి ఇది సాంకేతిక ప్రశ్న. నిజానికి ఏ బాధ్యతను మన దగ్గర ఉంచుకోవాలి, దేన్ని ఇతరులకు అప్పగించాలి అన్నదే ఇందులోని అసలు విషయం. దీన్ని మన రాష్ట్ర చరిత్ర నుంచే పరిశీలిద్దాం.

సొంత సర్వర్ల దశ

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ ప్రాజెక్టును ప్రారంభించింది. దస్తావేజుల రిజిస్ట్రేషన్, ఈసీల జారీ కంప్యూటర్‌పైకి వచ్చాయి. సర్వర్లు మాత్రం సబ్-రిజిస్ట్రార్ కార్యాలయాల్లోనే ఉండేవి. అప్పట్లో పట్టణాల మధ్య వేగవంతమైన, నమ్మదగిన డేటా లైన్లు అరుదు కాబట్టి ఆ నిర్ణయం కాలానికి తగినదే. అయితే కరెంటు, బ్యాకప్, మరమ్మతుల భారం కూడా ఆయా కార్యాలయాలదే అయింది.

అదే నెల 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. హైటెక్ సిటీకి వచ్చిన తొలి కంపెనీల కాలంలోనూ సర్వర్ గది, ఏసీ, యూపీఎస్, జనరేటర్ తప్పనిసరి అవసరాలే.

కేంద్రీకరణ దశ

2001లో ఈసేవ, 2011 నవంబరులో మీసేవ వచ్చాయి. నెట్‌వర్క్ మెరుగుపడే కొద్దీ సమాచారం కేంద్ర స్థానానికి చేరింది. పౌరుడు ఏ కేంద్రానికి వెళ్లినా సేవ అందించే వీలు కలిగింది. 2014లో కేంద్ర ప్రభుత్వం ‘మేఘరాజ్’ పేరుతో జాతీయ క్లౌడ్‌ను ప్రారంభించింది.

మూడు నమూనాలు

2011 సెప్టెంబరులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన నిర్వచనమే నేటికీ ఆధారం. అందులోని నమూనాలు మూడు.

1. ఐయాస్: భవనం, కరెంటు, యంత్రాలు సేవాదారువి. ఆపరేటింగ్ సిస్టమ్, దాని భద్రతా సవరణలు, డేటాబేస్, అప్లికేషన్ మనవి. 2006లో వచ్చిన అమెజాన్ ఈసీ2 దీనికి ఉదాహరణ.

2. పాస్: ఆపరేటింగ్ సిస్టమ్ కూడా సేవాదారుదే. మనం రాసిన ప్రోగ్రాం, మన డేటా మాత్రమే మనవి. 2008 నాటి గూగుల్ యాప్ ఇంజిన్ ఈ కోవకు చెందుతుంది.

3. సాస్: అప్లికేషన్ కూడా సేవాదారుదే. ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలన్నది, డేటా మనవి. 1999లో స్థాపితమైన సేల్స్‌ఫోర్స్ ఇందులో ముందు నడిచింది.

ఎంపిక ఎలా?

మాదాపూర్‌లో ఒక మధ్యతరహా సంస్థను ఊహించుకోండి. దానికి ఈమెయిల్, పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముడిపడిన జీతాల ప్రోగ్రాం, కొత్తగా రాస్తున్న వెబ్ అప్లికేషన్ ఉన్నాయి. ఈమెయిల్ అందరికీ ఒకే తీరు అవసరం కనుక సాస్ చాలు. జీతాల ప్రోగ్రాంను తిరగరాయకుండా తరలించాలంటే ఐయాస్ తగును. కొత్త అప్లికేషన్‌కు పాస్ మేలు. అంటే సంస్థ మొత్తానికి ఒకే నమూనా అక్కరలేదు; ఒక్కో పనికి ఒక్కో నిర్ణయం కావాలి.

దూరం, చట్టం కూడా లెక్కలోకి వస్తాయి. చెల్లింపుల సమాచారాన్ని భారత్‌లోనే నిల్వ చేయాలని 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అమెజాన్ డేటా కేంద్రాల సముదాయం ముంబైలో 2016లో మొదలైంది. హైదరాబాద్‌లో 2022 నవంబరు 22న, అంటే సైబర్ టవర్స్ ప్రారంభమైన 24 ఏళ్లకు అదే తేదీన, వచ్చింది. దాంతో ముంబైకి దూరంగా రెండో నకలును దేశంలోనే ఉంచుకునే వీలు పెరిగింది.

గుర్తుంచుకోవలసినది

ఐయాస్ నుంచి సాస్ వైపు వెళ్లే కొద్దీ శ్రమ తగ్గుతుంది, పట్టు కూడా తగ్గుతుంది. ఒప్పందం ముగిస్తే మన డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుందో సంతకానికి ముందే తేల్చుకోవాలి. ఒక రైతు భూమి ఈసీ తప్పుగా వస్తే ఆయన నిలదీసేది రిజిస్ట్రేషన్ కార్యాలయాన్నే కాని, క్లౌడ్ కంపెనీని కాదు. పనిని అప్పగించవచ్చు, జవాబుదారీని అప్పగించలేం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1998లో సర్వర్లను కార్యాలయాల్లోనే ఉంచడానికి కారణమేమిటి?
2. మీకు తెలిసిన ఒక కార్యాలయంలోని మూడు పనులకు తగిన నమూనాలను కారణాలతో సూచించండి.