ప్రతిఫలం, మెదడు, చరిత్ర

కూలి ఆశ చూపితే పని జరుగుతుంది, లేకుంటే జరగదు: శ్రామికుణ్ణి గురించి యజమాని వర్గానికి ఉన్న మనస్తత్వశాస్త్రం ఇంతే. దాని ప్రకారం మెదడు ఒక త్రాసు. అందులో పైసకు ఎప్పుడూ ఒకటే బరువు. ఈ సూత్రం నిజమేనా?

1997లో షుల్ట్జ్, డయాన్, మాంటెగ్ ప్రకటించిన పరిశోధన దీన్ని మొదట దెబ్బతీసింది. కోతికి అనుకోకుండా పండ్లరసం అందితే మెదడులోని డోపమిన్ కణాలు చురుకవుతాయి. రసానికి ముందుగా వచ్చే సంకేతానికి అది అలవాటుపడితే, రసానికి కాక సంకేతానికే స్పందిస్తాయి. ఆశించిన రసం రాకపోతే ఆ కణాల చలనం మామూలుకంటే పడిపోతుంది. అంటే మెదడు కొలిచేది ప్రతిఫలాన్ని కాదు, ఆశకూ అందినదానికీ మధ్య ఉన్న దూరాన్ని.

2013లో రాబిన్సన్, బెరిడ్జ్ మరో అడుగు వేశారు. ఒక మీట కనిపించగానే ఎలుకల నోట్లో ఘాటైన ఉప్పునీరు పోశారు. అవి ఆ మీటనే అసహ్యించుకున్నాయి. తరువాత వాటి శరీరంలో ఉప్పుకు తీవ్రమైన కొరత కల్పించారు. ఈసారి ఉప్పు రుచి మళ్లీ చూడకముందే అవి మీటమీదికి ఉరికాయి. వస్తువు మారలేదు, అవసరం మారింది. దానితో విలువ మారింది.

అయితే ఎలుక మెదడు నుండి మనిషి చరిత్రకు తిన్నగా బాట వేయరాదు. ఎలుకకు కొరత కల్పించింది ప్రయోగశాల. మనిషికి కల్పించేది సమాజం.

తెలంగాణ గ్రామాలలో వెట్టికి ప్రతిఫలమే లేదు. అయినా పని జరిగింది. జరిపించింది ఆశ కాదు, భయం. వెట్టిని వ్యతిరేకించిన ఆంధ్రమహాసభ ఆరవ సమావేశం 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులో జరిగింది. ఆ సంవత్సరమే బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. నిజాంసాగర్ నీటితో చెరకు, చెరకుతో రొక్కం, రొక్కంతో కొత్త ఆశలు పెరిగాయి. 2015లో ఆ కర్మాగారం మూతపడినప్పుడు కార్మికుడు పోగొట్టుకున్నది జీతం ఒక్కటే కాదు. రెండు మూడు తరాలుగా పెంచుకున్న భరోసా కూడా.

మోర్తాడు ప్రాంతంలో ఇంటి గడపలో కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే స్త్రీని చూడండి. వెయ్యి బీడీలకింత అని కూలి. ఆమె వేళ్ల వేగాన్ని చూసి "డబ్బాశ" అనేవాడు ఆమె ఇంటి పొయ్యిని చూడలేదు. ఆ వేగం స్వభావం కాదు, కొరత. ఇంటివద్ద చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించిన 1966 బీడీ కార్మికుల చట్టం ఈ సత్యాన్ని కొంతైనా ఒప్పుకున్నది.

మరి కూలీ, భయమూ రెండూ లేనిచోట మనిషిని నడిపేదేమిటి? 1948లో నిజామాబాదు కోట జైలులో దాశరథి కృష్ణమాచార్య బొగ్గుముక్కతో గోడలమీద నిజామును ధిక్కరిస్తూ పద్యాలు వ్రాశాడు. దానికి దొరికే ప్రతిఫలం శిక్షే. యజమాని త్రాసులో ఈ పనికి పళ్లెమే లేదు. లక్ష్యం ఏర్పడిన మనిషికి శిక్ష బరువు తగ్గుతుంది, చిన్న గెలుపు బరువు పెరుగుతుంది.

మెదడు వర్గపోరాటాన్ని వివరించదు. కాని మనిషి కోరికలు పుట్టుకతో గట్టిపడిన రాళ్లు కావని, పరిస్థితులను బట్టి అవి మారతాయని చెబుతుంది. పరిస్థితులను మార్చే పని మాత్రం శాస్త్రవేత్త మనకోసం చేసిపెట్టడు. అది మనదే.