బ్యాటా, కాళ్లా, గ్లవ్వా? బేస్‌బాల్ తూకం పుట్టుపూర్వోత్తరాలు

బేస్‌బాల్ అభిమానులు ఇద్దరు ఒకచోట చేరితే తెగని వాదన ఒకటుంది. ఒక ఆటగాడు బంతిని స్టేడియం అవతలికి కొడతాడు, కానీ పరుగెత్తలేడు, వంగి బంతి అందుకోలేడు. ఇంకొకడు చూస్తుండగానే తర్వాతి బేస్‌కి చేరిపోతాడు. మూడోవాడి బ్యాటింగ్ అంతంతమాత్రం, కానీ అతనున్న వైపు కొట్టిన బంతి అతన్ని దాటి పోదు. ముగ్గురిలో ఎవరు గొప్ప?

అమెరికాలో ఈ ప్రశ్నకు నూట అరవై ఏళ్లుగా జవాబులు వెతుకుతున్నారు. జవాబు మారినప్పుడల్లా జీతాలు మారాయి, అవార్డులు మారాయి, జట్లు ఆడే తీరు మారింది. ఈ చరిత్రనంతా కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది: కాగితం మీద దేన్ని రాయగలిగారో దానికే విలువ దక్కింది. బ్యాటు దెబ్బను లెక్కపెట్టడం సులువు కాబట్టి అది ముందుగా గద్దెనెక్కింది. కాళ్ల లెక్క సగమే రాశారు. గ్లవ్వు లెక్క తేలడానికి వందేళ్లు దాటింది.

క్రికెట్ ఇచ్చిన పట్టిక

ముందుగా ఆట సంగతి. మైదానంలో నాలుగు బేస్‌లు చతురస్రంగా ఉంటాయి, ఒకదానికి ఒకటి 90 అడుగుల దూరంలో. నాలుగూ చుట్టివస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే బ్యాటింగ్ వంతు అవతలి జట్టుది. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్. జట్టు చేతిలో ఉన్నవి మొత్తం 27 అవుట్లు. వాటిని ఎంత పొదుపుగా వాడుకుంటే అన్ని పరుగులు.

ఈ ఆటకు లెక్కల పుస్తకం తెరిచినవాడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నతనంలోనే బ్రూక్లిన్ చేరాడు. న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసేవాడు. 1850లలో బేస్‌బాల్ మీద మనసుపడి, 1859 నాటికి క్రికెట్ స్కోర్‌కార్డు నమూనాలో ఈ ఆటకు ‘బాక్స్ స్కోర్’ పట్టిక తయారుచేశాడు. ఎవరు ఎన్ని పరుగులు చేశారు, ఎన్నిసార్లు అవుటయ్యారు అన్నది మ్యాచ్ చూడనివాళ్లకూ తెలిసింది. 1870ల తొలినాళ్లలో డాబ్సన్ అనే ఆయన, ఎన్ని అవకాశాలకు ఎన్ని హిట్లు (అవుట్ కాకుండా బేస్ చేర్చే దెబ్బలు) కొట్టాడో భాగించి చూడాలని చాడ్విక్‌కు సూచించాడు. అదే బ్యాటింగ్ సగటు. 1876లో నేషనల్ లీగ్ పుట్టేసరికి ఆటగాణ్ని కొలిచే ప్రధానమైన కొలత అదే అయింది.

ఫీల్డింగ్‌కి మాత్రం తప్పులు లెక్కపెట్టారు. అప్పట్లో ఫీల్డర్లు వట్టి చేతులతో ఆడేవారు. బంతి జారిపోవడం మామూలు, కాబట్టి ఎవరు తక్కువసార్లు జారవిడిచారన్నది మంచి కొలతగానే కనిపించింది. గ్లవ్వులు వచ్చి, పెద్దవై, తప్పులు తగ్గినా కొలత మారలేదు. దానిలో ఒక అన్యాయం ఉంది. చురుకైనవాడు పదడుగులు పరుగెత్తి, దూకి, బంతికి చెయ్యి తగిలించి జారవిడిస్తే అతని పేరున ఒక తప్పు పడుతుంది. మందకొడివాడు కదలకుండా నిలబడి బంతిని పోనిస్తే అతని ఖాతా శుభ్రంగా ఉంటుంది. తక్కువ తప్పులు చేసినవాణ్ని కాక ఎక్కువ మంచి పనులు చేసినవాణ్నే మెచ్చుకోవాలని చాడ్విక్ ఆనాడే రాశాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

కాళ్ల కాలం, కండల కాలం

1920కి ముందు ఒకే బంతిని మాసిపోయి మెత్తబడేదాకా వాడేవారు. ఎంత కొట్టినా అది దూరం పోయేది కాదు. 1911లో ఫ్రాంక్ బేకర్ 11 హోమ్ రన్లతోనే (ఒక్క దెబ్బకే నాలుగు బేస్‌లూ చుట్టివచ్చేవి) అమెరికన్ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. అలాంటి ఆటలో ఒక్కో బేస్‌నీ సంపాదించుకోవాల్సిందే. పిచ్చర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి ఉరికి దాన్ని ‘స్టీల్’ చేయడం గెలుపు సాధనం. ఆ యుగానికి రాజు టై కాబ్. 1915లో 96 స్టీళ్లు చేశాడు. అతని బ్యాటింగ్ సగటు, వేగం రెండూ తలమానికాలే.

తర్వాత బేబ్ రూత్ వచ్చాడు. 1920లో ఉమ్మి పూసిన బంతుల్ని నిషేధించారు, మాసిన బంతుల్ని ఎప్పటికప్పుడు మార్చసాగారు. ఆ ఏడాది రూత్ ఒక్కడే 54 హోమ్ రన్లు కొట్టాడు. అతని సొంత జట్టును మినహాయిస్తే అమెరికన్ లీగ్‌లో ఏ జట్టూ మొత్తంగా అన్ని కొట్టలేదు. ఒక్క దెబ్బతో నాలుగు బేస్‌లు వస్తుంటే ఒక్క బేస్ కోసం ప్రాణం పణంగా పెట్టడమెందుకన్న ఆలోచన మొదలైంది. స్టీళ్లు దశాబ్దాలపాటు తగ్గుతూ వచ్చాయి.

సగటులోని లోపాన్ని అంతకుముందే పట్టుకున్నవాడు ‘బేస్‌బాల్ మ్యాగజైన్’ సంపాదకుడు ఎఫ్.సి. లేన్. ఒక్క బేస్ హిట్‌నీ హోమ్ రన్‌నీ సమానంగా లెక్కపెట్టడమంటే, జేబులో ఎంత డబ్బుందో చెప్పమంటే విలువ చూడకుండా నాణేల సంఖ్య చెప్పడమేనని 1916లో వాదించాడు. ఒక్కో దెబ్బ సగటున ఎన్ని పరుగులు తెస్తుందో చూడాలన్నాడు. ఈ కథలో అసలు మలుపు అదే.

లెక్కకెక్కనివారి సంగతి

అదే కాలంలో నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగ్‌లలోకి రానివ్వలేదు. వారు నీగ్రో లీగ్‌లలో ఆడారు. అక్కడి మ్యాచ్‌ల స్కోర్లు చాలావరకు చెల్లాచెదురయ్యాయి. కూల్ పాపా బెల్ ఎంత వేగంగా పరుగెత్తేవాడో కథలు కథలుగా చెప్పుకున్నారే కానీ అంకెల్లో నిలిచింది తక్కువ. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆ గోడ బద్దలుకొట్టాడు. ఆ ఏడాదే 29 స్టీళ్లతో నేషనల్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి, మరుగునపడిన వేగాన్ని మళ్లీ ఆటలోకి తెచ్చాడు. పరిశోధకులు పాత పత్రికలు గాలించి పోగుచేసిన నీగ్రో లీగ్ గణాంకాలు 2024లో అధికారికంగా కలిశాయి. దాంతో జీవితకాల బ్యాటింగ్ సగటులో జాష్ గిబ్సన్ .372తో కాబ్‌ని దాటి మొదటి స్థానానికి చేరాడు. లెక్క రాయకపోవడం కూడా అన్యాయంలో భాగమేనని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రాబిన్సన్‌ని తెచ్చిన బ్రాంచ్ రికీయే, అదే 1947లో అలన్ రాత్ అనే గణకుణ్ని డాడ్జర్స్‌లో ఉద్యోగంలోకి తీసుకున్నాడు. సగటు కన్నా, ఏ దారిలోనైనా సరే ఎన్నిసార్లు బేస్ చేరాడన్నదే ముఖ్యమని వాళ్లిద్దరూ తేల్చారు. పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్‌కి మొదటి బేస్ ఉచితంగా దక్కుతుంది. దాన్ని ‘వాక్’ అంటారు. వాక్ అంటే అవుట్ కాకపోవడమే కదా! 1954లో ‘లైఫ్’ పత్రికలో రికీ ఈ లెక్కను దేశం ముందుంచాడు. ఫీల్డింగ్‌ని మాత్రం అంకెల్లో పట్టుకోలేమని వదిలేశాడు.

అంకెలు పట్టుకోలేనిదాన్ని అప్పట్లో కళ్లే చూశాయి. మంచి సగటుతో కొట్టడం, బలంగా కొట్టడం, పరుగెత్తడం, విసరడం, పట్టడం అనే అయిదు గుణాలతో స్కౌట్‌లు కుర్రాళ్లను పరీక్షించేవారు. అయిదూ నిండుగా ఉన్నవాడంటే అందరూ చెప్పే పేరు విల్లీ మేస్. 660 హోమ్ రన్లు, 300 దాటిన స్టీళ్లు, ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్‌లు 12. అయినా 1962లో నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు 49 హోమ్ రన్లు కొట్టిన మేస్‌కి రాలేదు. 104 స్టీళ్లతో కాబ్ రికార్డు బద్దలుకొట్టిన మారీ విల్స్‌కి వచ్చింది.

స్టీల్ ఖరీదెంత?

1963లో జార్జ్ లిండ్సే అనే కెనడా సైనిక పరిశోధకుడు, తన తండ్రి మ్యాచ్‌లు వింటూ రాసిపెట్టిన స్కోర్ల సాయంతో ఒక పట్టిక ప్రచురించాడు. ఎంతమంది అవుటయ్యారు, ఏ బేస్‌ల మీద మనుషులున్నారు అన్నదాన్ని బట్టి ఆ ఇన్నింగ్స్‌లో సగటున ఇంకెన్ని పరుగులు వస్తాయో అది చెబుతుంది. కాలాన్ని బట్టి అంకెలు కొద్దిగా మారినా సారం ఇది. ఎవరూ అవుట్ కాకుండా మొదటి బేస్‌ మీద ఒకడుంటే సుమారు 0.85 పరుగులు ఆశించవచ్చు. అతను రెండో బేస్ స్టీల్ చేస్తే అది 1.1 అవుతుంది, అంటే పావు పరుగు లాభం. దొరికిపోతే బేస్‌లు ఖాళీ, ఒక అవుట్, ఆశ 0.25కి పడిపోతుంది. అంటే 0.6 నష్టం. పదిసార్లలో ఏడుసార్లు నెగ్గితేనే అసలు దక్కుతుందన్నమాట!

నేషనల్ లీగ్‌లో 1951 దాకా దొరికిపోయిన సందర్భాలను క్రమం తప్పకుండా నమోదు చేయనేలేదు. లాభం రాసి నష్టం రాయని పద్దును చూసి వేగాన్ని అంచనా కట్టారు. 1982లో రికీ హెండర్సన్ 130 స్టీళ్లు చేసి చరిత్ర సృష్టించాడు, 42 సార్లు దొరికాడు. పై లెక్కన నికర లాభం ఏడెనిమిది పరుగులు. అదే ఏడాది అతను తీసుకున్న 116 వాక్‌లు, ఒక్కోటి మూడోవంతు పరుగు చొప్పున, దాదాపు 39 పరుగులకు సమానం. అతని గొప్పతనం కాళ్లలోనే ఉందని లోకం అనుకుంది. ఓపికగా చెడ్డ బంతిని వదిలేసే కళ్లలో అంతకన్నా ఎక్కువ ఉంది.

వేగం పనికిరాదని దీని అర్థం కాదు. 1985లో వైటీ హెర్జోగ్ నడిపిన సెయింట్ లూయీ కార్డినల్స్ మొత్తం 87 హోమ్ రన్లే కొట్టి, 314 స్టీళ్లు చేసి, 101 మ్యాచ్‌లు గెలిచింది. బంతి వేగంగా జారే కృత్రిమ పచ్చిక మైదానం వాళ్ల సొంతగడ్డ. పైగా ఆ కాళ్లే ఫీల్డింగ్‌లోనూ పరుగెత్తాయి.

గ్లవ్వుకి దక్కిన న్యాయం

కాన్సస్‌లోని లారెన్స్ పట్టణంలో, బీన్స్ డబ్బాల కర్మాగారంలో రాత్రి కాపలా కాసే బిల్ జేమ్స్ 1977లో సొంతంగా ఒక గణాంకాల పుస్తకం అచ్చువేశాడు. ఫీల్డర్ ఎన్ని తప్పులు చేశాడని కాక, మ్యాచ్‌కి ఎన్ని అవుట్లు చేయించాడని చూడమన్నాడు. చాడ్విక్ చెప్పిన మాటకు వందేళ్ల తర్వాత అంకె దొరికింది.

ఆ కొలతకు నిలువెత్తు ఉదాహరణ, రెండో మూడో బేస్‌ల మధ్య కాపుకాసే షార్ట్‌స్టాప్ ఓజీ స్మిత్. 1980లో శాన్ డియేగోకి ఆడుతూ .230 సగటుతో బ్యాటింగ్ చేశాడు. కానీ బంతి పట్టి విసిరి అవుట్ చేయించడంలో పాలుపంచుకున్న సందర్భాలు 621. షార్ట్‌స్టాప్‌లలో ఆ రికార్డు ఇప్పటికీ చెరగలేదు. హిట్ కావలసిన బంతి అవుట్‌గా మారితే, హిట్ తెచ్చే అర పరుగు పోవడంతో పాటు అవుట్ నష్టం కూడా కలిసి, ముప్పావు పరుగు ఆదా. ఇతరులకు అందని బంతిని వారానికి ఒక్కటి అదనంగా ఆపినా, ఇరవై ఆరు వారాల సీజన్‌లో దాదాపు ఇరవై పరుగులు. పది పరుగులకు ఒక గెలుపు అన్నది నిలకడగా వస్తున్న అంచనా. వారానికొక బంతి, ఏడాదికి రెండు గెలుపులు!

జట్లకు ఇది తలకెక్కడానికి ఇంకా సమయం పట్టింది. 2002లో ఓక్లాండ్ జట్టు, బేస్ చేరగలిగీ చవకగా దొరికే ఆటగాళ్లను పోగుచేసి 103 మ్యాచ్‌లు గెలిచింది. ‘మనీబాల్’ పుస్తకం, సినిమా చెప్పేది ఆ కథే. అందరూ అదే దారి పట్టేసరికి చవగ్గా మిగిలింది గ్లవ్వు. 2007లో 66 గెలుపులతో అట్టడుగున ఉన్న టాంపా బే జట్టు మరుసటి ఏడాది 97 గెలిచింది. చేసిన పరుగులు 782 నుంచి 774కి తగ్గాయి. ఇచ్చిన పరుగులు 944 నుంచి 671కి పడిపోయాయి. బౌలింగ్‌లాంటి పిచ్చింగ్ మెరుగుపడటం ఒక కారణమైతే, లీగ్‌లో అధ్వానంగా ఉన్న ఫీల్డింగ్ మేటిగా మారడం ఇంకో కారణం.

ఒకే త్రాసు

బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్ మూడింటినీ పరుగుల్లోకి మార్చి, ఆడే స్థానం ఎంత కష్టమో కలిపి, సులువుగా దొరికే మామూలు ఆటగాడి కన్నా ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడో చెప్పే కొలత ‘వార్’. 2012లో దీని చుట్టూ పెద్ద గొడవే జరిగింది. డెట్రాయిట్ ఆటగాడు మిగెల్ కబ్రేరా సగటులో, హోమ్ రన్లలో, జట్టుకి తెచ్చిన పరుగుల్లో మొదటివాడై, 1967 తర్వాత ఎవరూ సాధించని ట్రిపుల్ క్రౌన్ గెలిచాడు. కుర్రాడు మైక్ ట్రౌట్ 30 హోమ్ రన్లు కొట్టి, 49 స్టీళ్లు చేసి అయిదుసార్లే దొరికి, సెంటర్ ఫీల్డ్‌లో గోడ మీదికి ఎగిరి హోమ్ రన్లు ఆపాడు. వార్ లెక్కలో ట్రౌట్‌దే స్పష్టమైన ఆధిక్యం. అత్యుత్తమ ఆటగాడి అవార్డు మాత్రం కబ్రేరాకి దక్కింది. ఓటర్లు పాత పట్టికలోని గడులే చూశారని నా అభిప్రాయం.

2015 నుంచి అన్ని పెద్ద లీగ్ స్టేడియాల్లోనూ రాడార్లు, కెమెరాలు ప్రతి కదలికనూ కొలుస్తున్నాయి. 2020లో ఆ పనికి హాక్‌-ఐ కెమెరాలు వచ్చాయి. 2001లో క్రికెట్ ప్రసారాల్లో మొదలై, ఎల్బీడబ్ల్యూ గీతల ద్వారా మనకు బాగా తెలిసిన సాంకేతికత అదే. ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడు, బంతికి ఎంత దూరం, ఎన్ని క్షణాలున్నాయి అన్నవి చూసి ఆ క్యాచ్ ఎంత కష్టమో చెబుతున్నారు. వేగం సెకనుకి ఇన్ని అడుగులని తేలింది: మామూలు ఆటగాడు 27, మెరుపువీరుడు 30.

2023లో బేస్‌ల వెడల్పు 15 నుంచి 18 అంగుళాలకు పెంచారు. పిచ్చర్ రన్నర్‌ను బేస్ దగ్గరే ఆపే ప్రయత్నాలకు హద్దు పెట్టారు. స్టీళ్లు ఏడాదిలో 2,486 నుంచి 3,503కి పెరిగాయి. పదిలో ఎనిమిది సఫలం కావడంతో వేగం ఇప్పుడు లాభసాటి. 2024లో షొహెయ్ ఒహ్తాని 54 హోమ్ రన్లు, 59 స్టీళ్లతో ఏకగ్రీవంగా అత్యుత్తమ ఆటగాడి అవార్డు గెలిచాడు. ఆ సీజన్ అంతా అతను గ్లవ్వు తొడగలేదు. షార్ట్‌స్టాప్ ఫ్రాన్సిస్కో లిండోర్ రెండో స్థానంలో నిలిచాడు. ఫీల్డింగ్ అసలే లేకపోవడాన్ని ఎంత తగ్గించి చూడాలన్న వాదన ఇంకా నడుస్తోంది. నడవాల్సిందే. కానీ ఇప్పుడు ఇరువైపులవారూ పరుగుల్లోనే మాట్లాడుకుంటున్నారు. ఈ చరిత్ర సాధించిన మేలు అదే.

బేస్‌బాల్‌కి స్కోర్ పట్టికనూ, హాక్‌-ఐనీ ఇచ్చింది క్రికెట్. బదులుగా ఈ తూకాన్ని క్రికెట్ తీసుకోవాలి. హైదరాబాద్ అజహరుద్దీన్ వన్డేల్లో పట్టిన 156 క్యాచ్‌లు రికార్డుల్లో ఉన్నాయి. అతను ఆపిన పరుగులకు స్కోర్‌కార్డులో గడి ఎప్పుడూ లేదు. కొట్టిన పరుగూ ఆపిన పరుగూ మ్యాచ్ ఫలితంలో సమానమే అయినప్పుడు, రెండింటికీ పద్దు రాయడం ఆటకు మనం చెల్లించాల్సిన బాకీ.