చలిగాలి, టర్బో ఇంజిన్, మన రవాణా చరిత్ర



మాచర్ల, పిడుగురాళ్ల వైపు సిమెంటు, సున్నం లోడ్లు తోలే మనవాళ్లు ఒక మాట అంటుంటారు. చలికాలం తెల్లారుజామున బండి బాగా లాగుద్ది, మే నెల మధ్యాహ్నం డీలా పడుద్ది అని. ఆ మాట నిజమే. దాని వెనక వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

ముందు మన సంగతి. లంబాడీలు వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కనంతా తిరిగారు. మొగలు సైన్యాలకు, తర్వాత ఇంగ్లీషు సైన్యాలకు గింజలు చేరవేశారు. ఎరుకల వాళ్లూ ఉప్పు మోశారు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బతుకుదెరువు పోయింది. పైగా 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చి, ఎరుకల వంటి సంచార జాతుల మీద దొంగల ముద్ర వేసింది. ఎద్దు మోసిన బరువు ఇంజిన్ మీదికి పోయింది.

ఆ రోజుల్లోనే, 1905లో, స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి టర్బోకి పేటెంట్ తీసుకున్నాడు. వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో ఇంజిన్‌లోకి గాలి కుక్కడం ఆయన ఆలోచన. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానం ఇంజిన్‌ను సుమారు 14,000 అడుగుల పైక్స్ పీక్ కొండ మీదికి ఎక్కించాడు. కింద 350 గుర్రాల బలమున్న ఇంజిన్, పల్చటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో పెడితే 356 వచ్చింది. ఇంజిన్ బలం ఆయిల్‌లో ఎంతో గాలిలోనూ అంతే అని తేలిపోయింది.

ఇప్పుడు మన రెంటచింతలకు వద్దాం. అక్కడి 45 డిగ్రీల ఎండలో గాలి పల్చబడుద్ది. 15 డిగ్రీల చలిలో అదే గాలి దాదాపు 10 శాతం చిక్కగా ఉంటది. టర్బో గాలిని నొక్కినప్పుడు అది ఇంకా వేడెక్కుద్ది. దాన్ని చల్లార్చేది ఇంటర్‌కూలర్. బయట చలిగా ఉంటే దాని పనీ సులువైద్ది. చిక్కటి గాలిలో డీజిల్ బాగా మండుద్ది, నల్లపొగ తగ్గుద్ది.

కానీ చలిలో ఇంజిన్ ఆయిల్ కూడా చిక్కబడుద్ది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుద్ది, దానికి ఆ ఆయిలే ప్రాణం. అందుకే స్టార్ట్ చేయగానే రేజ్ చేయకూడదు, కాసేపు ఐడిల్‌లో ఉంచాలి. లోడుతో ఎక్కువసేపు లాగి ఆపేటప్పుడూ అంతే. వెంటనే ఆఫ్ చేస్తే ఆయిల్ ఆగిపోయి, కాలుతున్న ఇరుసు దగ్గర మాడిపోద్ది.

ఏ ఎద్దుకు ఎప్పుడు నీళ్లు పెట్టాలో, ఎక్కడ దింపి మేపాలో మన తాతలకు తెలుసు. ఆ తెలివి వాళ్ల చేతిలోనే ఉండేది. లారీ వచ్చాక మనకు స్టీరింగ్ దక్కింది గానీ, ఇంజిన్ సంగతి మెకానిక్ దగ్గరే ఉండిపోయింది. టర్బో పోతే వేలకు వేలు ఖర్చు, నింద మాత్రం డ్రైవర్ మీద. కారణం చెప్పగలిగినవాడే ఎదురు మాట్లాడగలడు. ఐటీఐ, పాలిటెక్నిక్‌లో ఉన్న మన గ్రూపు సభ్యులారా, ఈ సెలవులకు తండాకి, కాలనీకి పోయినప్పుడు బండి తోలే మామకో బాబాయికో ఈ నాలుగు ముక్కలు చెప్పండి. వాళ్లకు రోడ్డు మీద తెలిసిన సంగతులు మనమూ అడిగి రాసుకుందాం.