ఆంధ్రేతిహాస పరిశోధక మండలి: సంచికల సేవ

క్రీ. శ. 1022లో రాజరాజనరేంద్రుడు వేంగీ సింహాసనమున పట్టాభిషిక్తుడయ్యెను. దానికి తొమ్మిదివందల యేండ్లు నిండిన 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. ఉత్సవము ముగిసినను ఆ సందర్భమున వెలువడిన పట్టాభిషేక సంచిక నిలిచినది. మండలి తరువాతి కృషికి అదియే త్రోవ చూపినదని మా యభిప్రాయము.

1926 నుండి మండలి ఆంగ్లమున త్రైమాసిక పత్రికను ప్రకటించి, శాసనపాఠములను ఇతర ప్రాంతముల పండితులకు అందజేసినది. స్వజనులకొరకు కళింగదేశ చరిత్ర (1930), మారేమండ రామారావుగారి సంపాదకత్వమున కాకతీయ సంచిక (1935), రెడ్డి సంచిక (1947) తెలుగున వెలువరించినది.

తామ్రశాసనము ఒక్కటియే యుండును. అది కరగిపోయినచో అందలి వంశావళియు, గ్రామనామములును, పొలిమేరలును దానితోడనే నశించును. పాఠము అచ్చయినచో పదిమంది చదివి, పఠనదోషములను, కాలనిర్ణయములను దిద్దగలరు. కనుక ప్రచురణము శాసనమును రక్షించుటతోపాటు చరిత్రకారుని పరీక్షకు నిలుపును. ఆ సంచికలలోని కొన్ని నిర్ణయములను తరువాతివారు సవరించిరి. సవరణకు వలసిన యాధారమును ముద్రించి యిచ్చుటయే వాని ఘనత. నేటి పరిశోధక విద్యార్థులు సంచికలోని నిర్ణయమును ఉదాహరించి యూరకుండక, మూలశాసనముతో సరిచూడవలయును. మండలి ఋణము తీర్చుకొను విధమదియే.