గోదావరి రెండు గట్లు, ఒక పట్టా

ఖమ్మము దాటి భద్రాచలపు టడవులు మొదలగు చోట భూములు కొన్నవారి మనుమలు నేడు డల్లాసులోను, మెల్‌బోర్నులోను స్థిరపడియుండి, తాతగారి చెలక నెవరో దున్నుచున్నారని వినినంతనే బంధువున కొక ముక్త్యారునామా పంపి, ఇక వ్యవహారము చక్కబడునని నిశ్చింతగా నుందురు. కాని యీ సీమలో వివాదమునకు మొదలు వెదకబోవువాడు నూటయేబది యేండ్లకు పైగా వెనుకకు పోవలసియుండును.

గోదావరి యెడమ గట్టు సీమను నిజాము 1860లో ఆంగ్లేయుల కప్పగించెను. తొలుత మధ్యపరగణాలలో నున్న భద్రాచలము, రేకపల్లి 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారెను. మారిన పిమ్మట పోడుపై పన్ను మూడింతలు కాగా, 1879 నాటి రంప తిరుగుబాటు రేకపల్లికిని ప్రాకెను. కుడి గట్టున పాల్వంచ, బూర్గంపహాడు నిజాము ఏలుబడిలోనే నిలిచెను. 1953లో వరంగల్లునుండి విడివడిన ఖమ్మము జిల్లాలో 1959లో భద్రాచలము చేరుటతో రెండు గట్లకును కలెక్టరు ఒక్కడే యయ్యెను గాని, రికార్డులు మాత్రము రెండు తీరులుగనే యుండెను: కుడివైపు 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఎడమవైపు మద్రాసు పద్ధతి అడంగలు.

కోయల భూమి ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేక గిరిజనేతరునకు చెందరాదని ఎడమ గట్టున 1917లోనే శాసనముండెను. దాని స్థానమున వచ్చిన 1959 నిబంధన 1963లో తెలంగాణపు గట్టుకును విస్తరించెను. జనులు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యని పిలుచు 1970 సవరణ ఏజెన్సీ యనబడు గిరిజన ప్రాంతమున గిరిజనేతరులు తమలో తాము అమ్ముకొనుటను గూడ నిషేధించి, గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదే యని, కాదని నిరూపించువరకు, భావింపవలెనని విధించెను. సుప్రీంకోర్టు 1988లో దీనిని సమర్థించెను.

కావున ఇట్టి భూవివాదములు విచారించు ప్రత్యేక ఉపకలెక్టరు ముందు ఫైలు తెరచినప్పుడు ఏమగునో ఊహింపవచ్చును. పహాణీలో పట్టాదారు గడిలో కోయ రైతు పేరు, అనుభవదారు గడిలో కోస్తానుండి వచ్చిన రైతు పేరు. నడుమ నున్నది వేలిముద్రతో కూడిన తెల్లకాగితపు సాదాబైనామా, అనగా రిజిస్టరు కాని విక్రయపత్రము. ఆ కాగితము 1970కి తరువాతిదైనచో ఎంత సొమ్ము చెల్లించినను హక్కు పుట్టదు.

విదేశమున వ్రాసిన ముక్త్యారునామాను అచటి భారత కాన్సల్ గాని నోటరీ గాని ధ్రువపరచవలెను. అది దేశము చేరిన మూడు మాసములలో స్టాంపు పడవలెను. ఇంతయు సక్రమముగా జరిగినను, యజమానికి లేని అధికారము ముక్త్యారునకు రాదు. మరణశాసనము ‘బదిలీ’ నిర్వచనములో చేరదు గనుక వీలునామా పొందినవాడు భూమిని స్వీకరింపవచ్చును. ఏజెన్సీలో గిరిజనేతరునకు మరల అమ్మజాలడు.

2014లో రాష్ట్ర విభజనతో మరియొక సరిహద్దు గీత పడెను: నిజాము నాటి రికార్డులు గల కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశమునకు పోగా, మద్రాసు రికార్డులు గల భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచెను. దూరమందున్న వారసుడు న్యాయవాదిని వెదకుటకు ముందు భూమి ఏ గట్టున నున్నదో, ఏ యేట చేతులు మారెనో, మొదట ఎవరిదో తెలిసికొనవలెను. ఆ మూడవ ప్రశ్నకు బదులీయలేనివాడు ఎదుటివానిని ఆక్రమణదారుడనుట తొందరపాటు. ఆక్రమణ తన వంశమునందే ఆరంభమై యుండవచ్చును.